జిగణి నుండి సింగపూరుకు: ఒక పేరు, మూడు తేదీలు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ కాలంలో ఆ రెండింటి సరసన మరొక కార్యం చేరింది. అది కన్నవారిని విదేశంలో ఉన్న బిడ్డ ఇంటికి క్షేమంగా పంపి, క్షేమంగా తిరిగి రప్పించుకోవడం. ఆనేకల్ తాలూకాలోని జిగణి, బొమ్మసంద్ర పారిశ్రామిక వాడల చుట్టూ ఉన్న తెలుగు కుటుంబాలకు గాని, సరిహద్దు ఆవల హోసూరు, తళి, బాగలూరు ప్రాంతపు పల్లెల వారికి గాని ఇది ఇప్పుడు వింత కాదు. గ్రానైటు పలకలు కోసే కర్మాగారాలలో పని చేసి, రాగి చేలను నమ్ముకొని చదివించిన బిడ్డలు నేడు సముద్రం ఆవల కొలువులలో ఉన్నారు. కూతురికో, కోడలికో నెలలు నిండుతాయి. "అమ్మా, పురుటికి నీవు రావాలి" అని ఫోను వస్తుంది. ఆనాటి నుండి ఇంట్లో సంతోషం ఎంతో, ఆందోళన కూడా అంతే.

ఆ ఆందోళనలో అధిక భాగం విమానం గూర్చే ఉంటుంది. నిజానికి విమానం వలన కలిగే చిక్కు స్వల్పం. యాత్ర చెడేది ఎక్కువగా కాగితాల దగ్గరనే. ఒక పేరు అన్ని కాగితాలలో ఒకే విధంగా ఉండవలెను. మూడు తేదీలు ఒకదానితో ఒకటి పొసగవలెను. ఈ రెండూ కుదిరితే తక్కినవన్నీ సర్దుకొనగలిగినవే. మన ప్రాంతం వారు తరచుగా వెళ్లే సముద్రతీర నగరం సింగపూరును ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని వివరంగా చూద్దాం.

దూరం ఎంత?

బెంగళూరు నుండి సింగపూరు సుమారు 3,200 కిలోమీటర్లు. సింగపూరు ఎయిర్‌లైన్స్, ఇండిగో సంస్థల విమానాలు నేరుగా వెళ్తాయి. గాలిలో ఉండే సమయం ఇంచుమించు నాలుగున్నర గంటలు. టోక్యో వంటి నగరాలకు ఎనిమిది గంటలు దాటుతుంది కాబట్టి, దానితో పోల్చితే ఇది చిన్న ప్రయాణమే. అయితే జిగణిలో గడప దాటింది మొదలు బిడ్డ ఇంటి గడప తొక్కే వరకు లెక్కించినట్లయితే పన్నెండు గంటలు తక్కువ పడదు. అరువది ఏండ్లు దాటిన వారికి అది సుదీర్ఘ యాత్రయే.

గడియారం మరొక తికమక పెడుతుంది. సింగపూరు కాలం మన కాలం కన్న రెండున్నర గంటలు ముందు ఉంటుంది. రాత్రి పదకొండు గంటలకు ఇక్కడ బయలుదేరిన విమానం అక్కడి గడియారం ప్రకారం మరునాటి ఉదయం ఆరు గంటల ప్రాంతంలో దిగుతుంది. నిద్రకు దొరికేది నాలుగు గంటలైనా ఉండదు. దిగిన రోజున ఊరు చూడాలని ఎవరూ తొందర పడరాదు. ఆ దినం విశ్రాంతికే విడువవలెను.

ఒక పేరు

సరిహద్దు పల్లెల వారికి ఉన్న భాషా సంపద ఇక్కడ కొంత ఇబ్బంది పెడుతుంది. ఒకే మనిషి పేరు బడిలో ఒక భాషలో, రేషన్ కార్డులో మరొక భాషలో, భూమి పత్రంలో ఇంకొక భాషలో ఉంటుంది. ప్రతి భాష నుండి ఇంగ్లీషులోకి మారేటప్పుడు అక్షరాలు మారిపోతాయి.

గౌరమ్మ అనే పేరును చూడండి. తమిళ లిపిలో క, గ అనే ధ్వనులు రెండింటికీ ఒకే అక్షరం. అందువలన తమిళనాడు వైపు ఇచ్చిన కార్డులో ఆ పేరు ఇంగ్లీషులో 'కె' అక్షరంతో మొదలు కావచ్చు. కర్ణాటకలో ఇచ్చిన ఆధారులో అదే పేరు 'జి' అక్షరంతో ఉంటుంది. లక్ష్మమ్మ పేరులో ఒక చోట 'ఎక్స్' ఉంటుంది, మరొక చోట 'కె, ఎస్, హెచ్' అనే మూడు అక్షరాలు ఉంటాయి. పల్లెలో ఈ తేడాలను ఎవరూ పట్టించుకొనరు. విమానాశ్రయంలోని కంప్యూటరుకు మాత్రం ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులు.

ఇంటిపేరు సంగతి కూడా ఇటువంటిదే. మన వైపు పేరుకు ముందు ఒకటి రెండు పొడి అక్షరాలు వ్రాయడం అలవాటు. ఒక చోట అది ఇంటిపేరు, మరొక చోట ఊరిపేరు, తమిళనాడు పద్ధతిలో తండ్రి పేరు. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు సరిపోవు, పేరును విడమరచి పూర్తిగా వ్రాయవలెను. ఇంటిపేరు గడిని ఖాళీగా వదలి, ఒకే పేరుతో పాస్‌పోర్టు తీసుకొనుట కూడా మంచిది కాదు. అటువంటి ఒంటిపేరు పాస్‌పోర్టులతో సందర్శక వీసాపై వచ్చే వారిని అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించింది. నేడు సింగపూరు వెళ్లేవారు రేపు దుబాయికి వెళ్లవలసి రావచ్చు.

కాబట్టి మొదటి పని టికెట్టు కొనడం కాదు. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒక చాప మీద పరచి, ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా సరిచూడడం. బడిలో చదివే మనవడైనా ఈ పని చేయగలడు. తేడా కనిపిస్తే ముందుగా ఆధారు సవరించుకొని, ఆ తరువాతనే పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయవలెను. పాస్‌పోర్టు వచ్చిన తరువాత వీసాలో, టికెట్టులో, బీమా పత్రంలో అందులో ఉన్న అక్షరాలే ఉండవలెను. ఇంట్లో పిలిచే పేరుకు అక్కడ చోటు లేదు.

చిరునామా గూర్చి ఒక మాట. 2018 నుండి దేశంలో ఏ పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనైనా దరఖాస్తు చేసుకొనవచ్చును. బెంగళూరులో లాల్‌బాగ్ రోడ్డులోను, మారతహళ్లిలోను ఈ కేంద్రాలు ఉన్నాయి. అయితే పోలీసు విచారణ దరఖాస్తులో వ్రాసిన చిరునామాలోనే జరుగుతుంది. ఆధారు తళి వైపు ఊరిలో, కాపురం జిగణిలో ఉన్నవారు వచ్చే పోలీసుకు ఏ ఇంట కనబడతారో ముందే నిశ్చయించుకొనవలెను. 36 పుటల సాధారణ పాస్‌పోర్టు రుసుము 1,500 రూపాయలు. అరువది ఏండ్లు దాటిన వారికి అందులో పది శాతం తగ్గింపు ఉన్నది.

పదవ తరగతి చదవని పెద్దలకు పాస్‌పోర్టు రాదేమో అని కొందరు భయపడతారు. ఆ భయం అనవసరం. పదవ తరగతి నియమం కొన్ని దేశాలకు ఉద్యోగం కొరకు వెళ్లే వారి వలస తనిఖీకి సంబంధించినది. ఏబది ఏండ్లు దాటిన వారికి ఆ తనిఖీ నుండి మినహాయింపు ఉన్నది. పైగా సింగపూరు ఆ దేశాల జాబితాలోనే లేదు.

మూడు తేదీలు

మొదటిది పాస్‌పోర్టు గడువు తేదీ. సింగపూరులో దిగే నాటికి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండవలెను. "ఇంకా నాలుగు నెలలు ఉన్నది కదా" అని బయలుదేరిన వారిని విమానం ఎక్కనివ్వరు.

రెండవది వీసా గడువు తేదీ. భారతీయులకు సింగపూరు వీసా తప్పనిసరి. అధికారిక గుర్తింపు ఉన్న ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేయవచ్చును. సింగపూరు పౌరుడు గాని, అక్కడ శాశ్వత నివాసం పొందిన బంధువు గాని అక్కడి నుండి దరఖాస్తు పంపవచ్చును. ప్రభుత్వ రుసుము 30 సింగపూరు డాలర్లు. వీసా రాకున్నా ఆ సొమ్ము తిరిగి ఇవ్వరు. ఏజెంటు తన కూలిని వేరుగా వసూలు చేస్తాడు కనుక రెండింటికీ వేర్వేరుగా రసీదు అడుగవలెను.

మూడవది అన్నింటికన్న ముఖ్యమైనది, ఎక్కువ మంది పొరబడేది. అది అక్కడ ఉండడానికి అనుమతించిన చివరి తేదీ. వీసా కాగితంపై ఎన్నో నెలల తరువాతి తేదీ ఉండవచ్చు. అంతకాలం అక్కడ ఉండవచ్చునని దాని అర్థం కాదు. ఆ గడువు లోపల ఆ దేశంలో ప్రవేశించవచ్చునని మాత్రమే. ఎన్ని దినాలు ఉండవచ్చునో దిగిన తరువాత వలస శాఖవారు నిర్ణయిస్తారు. సందర్శకులకు సాధారణంగా 30 దినాల వరకు ఇస్తారు. ఇప్పుడు పాస్‌పోర్టుపై ముద్ర వేయడం మానివేశారు. ఈ చివరి తేదీ ఈ-మెయిలు ద్వారా వస్తుంది. అందువలన దరఖాస్తులలో ఏజెంటు ఈ-మెయిలు గాక, బిడ్డ ఈ-మెయిలు వ్రాయించవలెను. ఆ తేదీ దాటి ఒక్క దినం ఉన్నా అది నేరమే. జరిమానాతో పోక జైలు శిక్ష కూడా పడవచ్చు, మరల ఆ దేశంలో అడుగు పెట్టే అవకాశం పోవచ్చు.

పురుటికి వెళ్లే తల్లికి ఈ మూడవ తేదీయే ప్రాణం. ఒక లెక్క వేసి చూద్దాం. ప్రసవం అక్టోబరు 20 అని వైద్యులు చెప్పారనుకొందాం. ముందుగా ఉంటే ధైర్యం అని తల్లి అక్టోబరు 1న దిగినది. ముప్పది దినాలు అక్టోబరు 30తో ముగుస్తాయి. ప్రసవం ఒక వారం ఆలస్యమై 27న జరిగినదంటే, బిడ్డ పుట్టిన మూడు దినాలకే ఆమె పెట్టె సర్దుకొనవలెను. పదకొండవ నాటి పురుటి స్నానం నవంబరు 6న వస్తుంది, అప్పటికి ఆమె జిగణిలో ఉంటుంది. అదే అక్టోబరు 15న దిగితే నవంబరు 13 వరకు సమయం ఉంటుంది. ప్రసవం వారం ఆలస్యమైనా పదకొండవ దినం గడచి, ఇంకా ఒక వారం మిగులుతుంది.

గడువు ముగియక ముందే పొడిగింపు కోరే ఏర్పాటు ఉన్నది. అది వలస శాఖ దయ గాని మన హక్కు కాదు. దాని మీద ఆశ పెట్టుకొని తేదీలు నిర్ణయించరాదు. బిడ్డ అక్కడ ఉద్యోగ అనుమతిపై ఉండి నెల జీతం 12,000 సింగపూరు డాలర్లు లేదా అంతకు మించి ఉన్నట్లయితే, తల్లిదండ్రులకు దీర్ఘకాల సందర్శన అనుమతి కొరకు ప్రయత్నించవచ్చును. ఆ మార్గం ఉన్నవారు ముందుగానే ఆరా తీయడం మేలు.

ఇంకొక చిన్న ఫారం ఉన్నది. దాని పేరు ఎస్‌జీ అరైవల్ కార్డు. దిగే దినంతో కలిపి మూడు దినాల లోపల దీనిని ఇంటర్నెట్టులో నింపవలెను. ఇది పూర్తిగా ఉచితం. దీనికి సొమ్ము అడిగే వెబ్‌సైటు ఏదైనా సింగపూరు ప్రభుత్వానిది కాదని గ్రహించవలెను.

సందర్శక వీసాపై వెళ్లి ఉద్యోగం చేయరాదు. "ముందు టూరిస్టుగా వెళ్లు, తరువాత పని చూపిస్తాము" అని చెప్పే దళారి మాట ఊరి యువకులు నమ్మరాదు. అలా పని చేస్తూ పట్టుబడితే శిక్ష అనుభవించేది వెళ్లినవాడే.

మూటలో ఏమి ఉండవలెను, ఏమి ఉండరాదు

చేతిసంచి సాధారణంగా ఏడు కిలోలకు మించరాదు. పెద్ద పెట్టె బరువు టికెట్టుపై వ్రాసి ఉంటుంది. బయలుదేరే ముందే ఊరిలో తూకం వేయించుకొంటే విమానాశ్రయంలో అందరి ఎదుట పెట్టె విప్పే అవస్థ తప్పుతుంది.

ఊరగాయ, నెయ్యి, నూనె వంటివి చేతిసంచిలో రానివ్వరు. గట్టిగా మూత బిగించి పెద్ద పెట్టెలో పెట్టవలెను. ఎండుకొబ్బరిని మాత్రం ఏ పెట్టెలోను పెట్టరాదు. దానిలోని నూనె వలన తనంత తానే మండే స్వభావం కలదని విమానయాన నియమాలలో దానిని ప్రమాదకర వస్తువుగా చేర్చారు. ఫోనుకు వాడే పవర్ బ్యాంకు దీనికి భిన్నం. అది చేతిసంచిలోనే ఉండవలెను, పెద్ద పెట్టెలో ఉండరాదు.

మన వంటింట సహజమైన గసగసాలు అక్కడి మాదకద్రవ్యాల చట్టం దృష్టిలో పడే వస్తువు. విడిగా గాని, మసాలా పొడిలో కలిపి గాని తీసుకొని పోకపోవడమే క్షేమం. గుట్కా, ఖైనీ, జర్దా, పొగాకు నమలే అలవాటు ఉన్నవారు వాటిని ఇక్కడే వదలవలెను, అవి అక్కడ నిషిద్ధం. చూయింగ్ గమ్ దిగుమతిని 1992లోనే నిషేధించారు. మాంసాన్ని అనుమతి పొందిన దేశాల నుండి మాత్రమే రానిస్తారు కనుక ఇంటి నుండి వేపుడు కట్టుకొని పోరాదు.

రక్తపోటు, మధుమేహం మందులు మూడు నెలలకు మించకుండా, వైద్యుని చీటీతో సహా చేతిసంచిలో ఉంచుకొనవలెను. నిద్ర మాత్రలు, కొన్ని రకాల దగ్గు, నొప్పి మందులకు అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి ముందుగా కావలసి ఉంటుంది. ఈ విషయం వైద్యునితో మాట్లాడవలెను.

అన్నింటికన్న కఠినమైన హెచ్చరిక ఇది. ఇతరులు ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండా తీసుకొని పోరాదు. "మా అబ్బాయికి ఈ చిన్న సంచి ఇవ్వండి" అన్నది ఇరుగుపొరుగు వారైనా సరే. మాదకద్రవ్యాల రవాణాకు సింగపూరు చట్టంలో మరణశిక్ష ఉన్నది. మొగమాటానికి అక్కడ మన్నింపు లేదు.

ప్రయాణపు రాత్రి

అర్ధరాత్రి దాటిన విమానాల తేదీ విషయంలో జాగ్రత్త అవసరం. టికెట్టుపై 15వ తేదీ 00.30 అని ఉన్నట్లయితే ఇల్లు వదలవలసినది 14వ తేదీ సాయంత్రం. 15వ తేదీ రాత్రి వెళ్తే విమానం పోయి ఇరువది నాలుగు గంటలు అవుతుంది.

జిగణి నగరానికి దక్షిణాన, కెంపేగౌడ అంతర్జాతీయ విమానాశ్రయం ఉత్తరాన దేవనహళ్లి వద్ద ఉన్నాయి. నడుమ అరువది కిలోమీటర్లకు మించిన దూరం, అందులో సిల్క్ బోర్డు, హెబ్బాళ వంటి రద్దీ కూడళ్లు. 2008 మే నెలలో ఈ విమానాశ్రయం ప్రారంభమయ్యే వరకు విమానాలు నగరంలోనే హెచ్.ఏ.ఎల్. వద్ద దిగేవి. పెద్దలలో కొందరికి నేటికీ ఆ దారియే జ్ఞాపకం. 2025 ఆగస్టు 10న ప్రారంభమైన పసుపు మార్గం మెట్రో బొమ్మసంద్ర వరకు వచ్చినది. చేతిసంచితో సాగనంపడానికి వెళ్లే వారికి అది ఉపయోగపడుతుంది. పెద్ద పెట్టెలు ఉన్నవారికి ఎలక్ట్రానిక్ సిటీ నుండి వెళ్లే వాయువజ్ర బస్సు గాని, టాక్సీ గాని అనువైనవి. విమానం వేళకు మూడు గంటలు ముందుగా చేరవలెను. సాయంత్రపు రద్దీలో దారికి మరొక మూడు గంటలు ఉంచుకొనవలెను. 2023 సెప్టెంబరు నుండి అంతర్జాతీయ విమానాలు రెండవ టెర్మినల్ నుండి నడుస్తున్నాయి. ఆ మాట డ్రైవరుకు ముందే చెప్పవలెను.

ఇంగ్లీషు, హిందీ రాని పెద్దలు ఒంటరిగా వెళ్తున్నప్పుడు టికెట్టుతో పాటే చక్రాల కుర్చీ సహాయం కోరడం మంచి ఉపాయం. నడవలేని వారికే అది అని సంకోచించరాదు. దూరం నడవడం కష్టమైన వృద్ధులందరికీ అది వర్తిస్తుంది. ఒక సహాయకుడు తనిఖీలన్నీ దాటించి విమానం వరకు తీసుకొని పోతాడు, దిగిన చోట మరొకరు అందుకొంటారు. శాకాహారులు భోజనం సంగతి కూడా ముందుగానే చెప్పవలెను. కూర్చున్న చోటనే ఉండక నడుమ నడుమ లేచి నాలుగు అడుగులు వేయడం, నీరు త్రాగడం కాళ్లకు మంచిది.

ఒక కాగితంపై బిడ్డ పేరు, ఇంటి చిరునామా, ఫోను నంబరు, తిరుగు ప్రయాణపు తేదీ ఇంగ్లీషులో వ్రాయించి పాస్‌పోర్టులో పెట్టవలెను. ఎవరు ఏమి అడిగినా ఆ కాగితం చూపితే చాలు.

ఆ నగరంలో

సరిహద్దు పల్లెలో పుట్టిన వారికి సింగపూరు పూర్తిగా పరాయి దేశం కాదు. అక్కడి నాలుగు అధికార భాషలలో తమిళం ఒకటి. రైలు స్టేషన్లలో తమిళ అక్షరాలు కనిపిస్తాయి. పేరు విషయంలో ఇబ్బంది పెట్టిన ఆ భాషా సంపదయే ఇక్కడ అక్కరకు వస్తుంది. హోసూరు సంతలో నేర్చిన తమిళం సెరంగూన్ రోడ్డు అంగళ్లలో చక్కగా చెల్లుతుంది. లిటిల్ ఇండియా అని పిలిచే ఆ వీధులలో టెక్కా మార్కెట్టు, ముస్తఫా సెంటరు ఉన్నాయి. శొంఠి, వాము, మినప్పప్పు మొదలైన పథ్యపు దినుసులు అక్కడ దొరుకుతాయి. వాటిని ఇక్కడి నుండి మోయవలసిన పని లేదు.

అదే రోడ్డులో 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ ఆలయం ఉన్నది. సౌత్ బ్రిడ్జ్ రోడ్డులోని మారియమ్మ ఆలయం ఇంకా పాతది, 1827 నాటిది. తెలుగువారు ఆ ప్రాంతాలకు వెళ్లడం నేటి సాఫ్ట్‌వేరు ఉద్యోగాలతో మొదలు కాలేదు. మన తీర జిల్లాల నుండి కూలీలు ఓడలలో మలయా తోటలకు తరలి వెళ్లారు. 1975లో సింగపూరులో తెలుగు సమాజం ఏర్పడినది. ఉగాది వేళ అక్కడ ఉన్నవారికి ఆ పండుగ అక్కడా దొరుకుతుంది.

పసిబిడ్డ ఉన్న ఇంటి వారికి తిరగడానికి ఎక్కువ సమయం ఉండదు. 1859లో స్థాపించి, 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన బొటానిక్ గార్డెన్స్‌లో ప్రవేశం ఉచితం. సాయంత్రం సముద్రపు గాలికి మెరీనా తీరంలో సింహముఖం, చేప శరీరం గల మెర్లయన్ విగ్రహం చూడవచ్చును. ఏడాది పొడుగునా వాన పడే ఊరు కనుక గొడుగు ఉండవలెను. కుళాయి నీరు త్రాగవచ్చును. రైలులో తినడం, త్రాగడం నిషిద్ధం, దానికి 500 డాలర్ల వరకు జరిమానా ఉన్నది. ఒక సింగపూరు డాలరు అరువది రూపాయలకు పైమాటే కనుక ఒక అరటిపండుకు ఎంత మూల్యమో లెక్క వేసుకొనవచ్చును.

వైద్యం విదేశీయులకు చాలా ఖరీదు. అందువలన ప్రయాణ బీమా తప్పక తీసుకొనవలెను. అందులో రక్తపోటు, మధుమేహం ఉన్నట్లయితే దాచక వ్రాయవలెను. దాచినట్లయితే అవసరం వచ్చిన నాడు బీమా పనికి రాదు.

పురుటి గదిలో తల్లి ప్రక్కన అమ్మమ్మ ఉండడం డబ్బుతో కొనగలిగినది కాదు. దానికి అడ్డు వచ్చేవి చాలా సార్లు చిన్న విషయాలే: ఇంగ్లీషులో మారిన ఒక్క అక్షరం, చదవకుండా వదలిన ఒక్క తేదీ. బిడ్డ నుండి శుభవార్త విన్న వారమే కాగితాల చాప పరచినట్లయితే, సవరించుకొనడానికి ఇంకా ఏడెనిమిది నెలల సమయం చేతిలో ఉంటుంది.